పాయింట్లు పోయి సెన్సర్ వచ్చిన కథ

పాత కారు డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల చిన్న మీటల జత ఒకటి కనిపిస్తుంది. మెకానిక్కులు దాన్ని పాయింట్లు అంటారు. అవి విడిపోయిన క్షణాన కాయిల్‌లో కరెంటు తెగి, వేల వోల్టులు పుట్టి, ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది. 1910 మోడల్ కాడిలాక్‌కు చార్లెస్ కెటరింగ్ ఇచ్చిన బ్యాటరీ ఇగ్నిషన్ ఇదే. పెద్దగా మారకుండా ఆరు దశాబ్దాలు చెలామణి అయింది.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు 200 సార్లు తెరుచుకోవాలి. ప్రతిసారీ వాటి ముఖం కాస్త కాలుతుంది, కామ్‌కు రాసుకునే మడమ అరుగుతుంది. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనకబడుతుంది. ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లలో ఆ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లే. ఫీలర్ గేజ్ పట్టుకుని సరిచేయడం ఒక విద్య. అదంటే ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేను వాళ్లలో లేను.

1963లో పోంటియాక్ కార్లకు పాయింట్లు లేని ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్ వచ్చింది. అయితే కావాలని అడిగి, అదనంగా డబ్బు కట్టిన వాళ్లకే. బ్రిటన్‌లో లూకాస్ వారి ఓపస్ ఇగ్నిషన్ రేసు కార్లలో మొదలై 1971లో జాగ్వార్ వీ12కి చేరింది. దాని యాంప్లిఫయర్‌ను సిలిండర్ల రెండు వరసల నడుమ, ఇంజను సెగంతా తగిలేచోట బిగించారు. వేడికి అది మొరాయించడంలో వింతేముంది?

కంపెనీలను నిజంగా కదిలించింది కారు యజమానుల అవస్థ కాదు, అమెరికా 1970 కాలుష్య చట్టం. 50,000 మైళ్ల దాకా పొగ హద్దులో ఉండాలంటే అరిగే భాగాన్ని నమ్ముకుంటే కుదరదు. 1973 మోడళ్లకల్లా క్రైస్లర్, 1975కల్లా జనరల్ మోటార్స్ పాయింట్లను వదిలేశాయి.

అప్పటికే రోడ్డెక్కిన పాత కార్ల సంగతో? ఆ ఖాళీని బయటి కంపెనీల కిట్లు పూరించాయి. బ్రిటన్‌లో లుమెనిషన్ పరారుణ కాంతిని తిరిగే రెక్కతో అడ్డగించి సంకేతం పుట్టించింది. అమెరికాలో పెర్ట్రానిక్స్ కామ్‌కు అయస్కాంతాల రింగు తొడిగి, పక్కన అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టింది. ఆ సెన్సర్‌కు మూలం 1879లో ఎడ్విన్ హాల్ పలచటి బంగారు రేకు మీద కనిపెట్టిన ధర్మం. మాడ్యూల్ మొత్తం పాత మూత కిందే ఇమిడిపోతుంది. బయటి రూపం చెడదు కనుక పాత కార్ల ప్రియులు దీన్నే ఎక్కువ మెచ్చారు.

బిగించడం గంట పని, చెడగొట్టడం క్షణం. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉండేది. అది చూసుకోకుండా వైర్లు తారుమారు చేస్తే మాడ్యూల్ మాడిపోతుంది. కాయిల్ నిరోధం కిట్‌కు సరిపడకపోయినా అంతే. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేయడమూ ప్రమాదమే.

సెన్సర్ మార్చేది పాయింట్లను మాత్రమే. అరిగిన బుష్‌లు, సాగిన స్ప్రింగులు, పట్టేసిన బరువులు అలాగే ఉంటాయి. 123ఇగ్నిషన్ అనే డచ్ కంపెనీ ఆ స్ప్రింగులూ బరువులూ వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే తీరును (అడ్వాన్స్ వంపును) చిప్‌లో పెట్టి పూర్తి డిస్ట్రిబ్యూటర్‌నే అమ్మడానికి కారణం అదే.

మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన 1489 సీసీ ఇంజను ఎంజీబీ ఇంజనుకు దాయాదే, రెండూ బి-సిరీస్. కాబట్టి అంబాసిడర్‌కు కిట్ కొనాలనుకుంటున్నవారికి ఒక మాట: ముందు డిస్ట్రిబ్యూటర్ రోటర్ తీసి షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూడండి. అది ఆడుతుంటే మొదటి ఖర్చు బుష్‌ల మీద పెట్టండి, సెన్సర్ తర్వాత కొనొచ్చు.