ఫీనిక్స్ బే పడవల పటంలో ‘బ్రిడ్జి’ని కనిపెట్టడం ఎలా?

కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్‌లో సరైన జవాబు వస్తే చాలదు, సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో రావాలి. అందుకే అడ్వాన్స్‌డ్ ఆల్గరిదమ్స్‌ను కొన్నిచోట్ల క్లాసు నోట్సుతోనే కాకుండా సెమినార్‌లోనూ నేర్పుతారు. విద్యార్థి కోడ్ రాసి, అదెందుకు సరైనదో తోటివారికి చెప్పి ఒప్పించాలి. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో స్టీవెన్ హలీమ్ నడిపిన సీఎస్3233 కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ కోర్సుల్లో పేరున్నది.

అలాంటిచోట తరచూ వచ్చే పాఠం ‘బ్రిడ్జి’. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)లోని ఫీనిక్స్ బే జెట్టీని ఉదాహరణగా తీసుకుందాం. ఫీనిక్స్ బే, స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (నీల్) మూడింటి మధ్యా పడవలు నడుస్తాయి. ఒక దారి ఆగినా చుట్టూ తిరిగి చేరొచ్చు. హట్ బేకు మాత్రం ఫీనిక్స్ బే నుంచి ఒక్కటే గీత ఉందనుకుందాం. అది తెగితే హట్ బే ఒంటరి. ఆ గీతే బ్రిడ్జి.

ఒక్కో గీతనూ తీసేసి చూడటం అందరికీ తట్టే పద్ధతి. లక్ష బిందువులు, 2 లక్షల గీతలుంటే అది దాదాపు 6,000 కోట్ల అడుగులు. సెకనుకు 10 కోట్లు వేసినా పది నిమిషాలు.

రాబర్ట్ టార్జన్ 1974లో చూపిన దారిలో ఒక్క నడక చాలు. చేరిన వరుసలో నంబర్లు ఇస్తాం: ఫీనిక్స్ బే 1, స్వరాజ్ 2, షహీద్ 3, హట్ బే 4. వచ్చిన గీతను వదిలేసి, ఒక బిందువు నుంచి, దాని తర్వాతివాటి నుంచి వెనక్కి చేరగల అతి చిన్న నంబరును రాసుకుంటాం. షహీద్ నుంచి 1కి దారుంది, కాబట్టి స్వరాజ్‌కూ 1 వస్తుంది. హట్ బేకు 4 దగ్గరే ఆగింది. అది తల్లి బిందువు నంబరైన 1 కన్నా పెద్దది, కాబట్టి ఆ గీత బ్రిడ్జి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. హట్ బేకు రెండు వేర్వేరు గీతలుంటే ఏదీ బ్రిడ్జి కాదు. కానీ కోడ్ ‘వచ్చిన గీత’కు బదులు ‘వచ్చిన బిందువు’ను వదిలేస్తే రెండో గీత కనపడదు. చిన్న ఉదాహరణలన్నీ పాసవుతాయి, అసలు పరీక్షలో తప్పు తేలుతుంది.

అండమాన్ విద్యార్థులకు బ్రిడ్జి పుస్తకంలోని మాటే కాదు. 2020 ఆగస్టు 10న సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ మొదలయ్యేదాకా ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే ఆధారం. లైవ్ పోటీలో గడియారం నెట్ కోసం ఆగదు. ఆ కేబుల్ వ్యవస్థనే పటంగా గీస్తే, చెన్నై నుంచి వచ్చే గీతా బ్రిడ్జే.

ఐసీపీసీలోనైతే ముగ్గురికి ఒకటే కంప్యూటర్, 5 గంటల సమయం. చివరికి సాధించిన లెక్కలో ప్రతి తప్పు సబ్మిషన్‌కూ 20 నిమిషాల పెనాల్టీ. ఒకరు టైప్ చేస్తుంటే మిగతా ఇద్దరూ కాగితం మీదే తప్పులు వెతుకుతారు.