చికాకు నుంచి ప్రమాణం దాకా: కోడ్ ఎడిటర్ల అనుకూలీకరణ చరిత్ర – తెలుగు లిపి

వ్యాససంగ్రహం:

కోడ్ ఎడిటర్‌లో రోజూ ఎదురయ్యే చిన్న చికాకులను వాడుకరులు సరిదిద్దుకొన్న తీరుకు అరవయ్యేళ్ళ చరిత్ర ఉంది. 1962 నాటి టెకో మొదలు నేటి విజువల్ స్టూడియో కోడ్ వరకు ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక పరిష్కారం వ్యక్తిగత అమరికగా మొదలై, పదిమంది పంచుకొనే సాధనమై, చివరకు అందరికీ ముందుగానే వర్తించే ప్రమాణంగా స్థిరపడే క్రమాన్ని వివరిస్తుంది. తెలుగు లిపి విషయంలో ఆ చివరి దశ ఆలస్యమైన తీరును, దాని పర్యవసానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: కోడ్ ఎడిటర్, అనుకూలీకరణ, ఈమాక్స్, యూనికోడ్, అక్షరం, తెలుగు కంప్యూటింగ్.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడానికి, దిద్దడానికి వాడే సాధనం కోడ్ ఎడిటర్. ప్రోగ్రామర్లే కాక, నిఘంటువులను, సాహిత్య పాఠాలను అంకరూపంలో భద్రపరిచే భాషాపరిశోధకులు కూడా దీనిని వాడుతున్నారు. ఈ పనిలో చికాకులు తప్పవు. అతికించిన పాఠం మెట్లమెట్లుగా పక్కకు జరిగిపోతుంది. ట్యాబ్‌కు, ఖాళీలకు తేడా కంటికి ఆనదు. ఒత్తు కింది వరుసలో తెగిపోతుంది. వీటిని సరిచేసుకోవడానికి వాడుకరి అమరికల ఫైలులో ఒక పంక్తి చేర్చి పనిలో పడిపోతాడు.

ఇటువంటి సంగతులు చరిత్రరచనకు అందేంత పెద్దవిగా కనిపించవు. కాని ప్రతి చికాకు వెనుక ఎప్పుడో, ఎక్కడో, ఏదో ఒక యంత్రాన్ని దృష్టిలో పెట్టుకొని ఎవరో తీసుకొన్న నిర్ణయం ఉంటుంది. ఆ యంత్రం పోయినా నిర్ణయం మిగులుతుంది. అందువల్ల అమరికల ఫైలును ఒక చారిత్రక ఆధారంగా చదవవచ్చు. సాధనం ఎవరిని ఊహించుకొని తయారైందో, ఆ ఊహకు అందని వాడుకరులు దానితో ఎలా సర్దుకుపోయారో అందులో తెలుస్తుంది.

2. టెకో నుంచి ఈమాక్స్ వరకు:

1962లో ఎం.ఐ.టి.లో డాన్ మర్ఫీ పి.డి.పి.-1 యంత్రం కోసం టెకో అనే ఎడిటర్‌ను రూపొందించాడు. దాని ఆదేశాలు ఒకటి రెండు అక్షరాల పొడవే ఉండేవి. వాటిని వరుసగా కూర్చి మాక్రోలుగా దాచుకోవచ్చు. అంటే టెకో ఒక ఎడిటర్‌తో పాటు చిన్న ప్రోగ్రామింగ్ భాష కూడా. 1970వ దశకం మధ్యనాటికి ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో తెరమీద పాఠాన్ని చూస్తూ దిద్దే పద్ధతి వచ్చింది. ఏ మీట నొక్కితే ఏ మాక్రో పనిచేయాలో వాడుకరే నిర్ణయించుకొనే వీలు కలిగింది.

ఈ స్వేచ్ఛ కొత్త ఇబ్బందిని తెచ్చింది. ఎవరి మాక్రోలు వారివి కావడంతో ఒకరి ఎడిటర్ మరొకరికి అర్థంకాని స్థితి ఏర్పడింది. పక్కవారికి సాయం చేద్దామని కూర్చున్నవారికి వారి మీటల అర్థమే తెలిసేది కాదు. ఈ భిన్నత్వాన్ని ఒక దారికి తెచ్చే పనిని గై స్టీల్ మొదలుపెట్టగా రిచర్డ్ స్టాల్‌మన్ పూర్తిచేశాడు. 1976లో ఈమాక్స్ పుట్టింది. దానిని పంచుకొనేవారు తాము చేసిన మెరుగులను తిరిగి ఇవ్వాలనేది స్టాల్‌మన్ పెట్టిన షరతు. 1981లో ప్రచురించిన పత్రంలో ఆయన ఈమాక్స్‌ను విస్తరించదగినది, అనుకూలపరచుకోదగినది, తనను తాను వివరించుకొనేది అని నిర్వచించాడు. వీటిలో మూడో లక్షణం గమనార్హం. సాధనాన్ని మార్చుకొనే హక్కు ఉన్నా, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకొనే దారి లేకపోతే ఆ హక్కు అక్కరకు రాదు.

ఇందుకు మంచి నిదర్శనం మల్టిక్స్ ఈమాక్స్. 1978లో హనీవెల్ సంస్థలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ దీనిని లిస్ప్ భాషలో రాశాడు. అక్కడి కార్యాలయ కార్యదర్శులు దీనిని తమ అవసరానికి తగినట్లు మార్చుకోవడం నేర్చుకొన్నారని స్టాల్‌మన్ తరువాతి ఉపన్యాసాల్లో పేర్కొన్నాడు. వారు చదివిన కరదీపికలో ప్రోగ్రామింగ్ అనే మాట లేదు. తమకు రాదని వారు ముందే అనుకొని ఉండేది ఆ మాటనే. అది కనబడకపోవడంతో భయం లేకుండా పనికి పూనుకొన్నారు. సాధనాన్ని మార్చుకోగలగడం నిపుణుల సొత్తు కాదని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

3. యంత్రం పోయినా మిగిలిన ముద్ర:

ఇదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో బిల్ జాయ్ మరో ఎడిటర్‌ను రూపొందిస్తున్నాడు. దానికి ముందు లండన్ క్వీన్ మేరీ కళాశాలలో జార్జ్ కూలూరిస్ 'ఎమ్' అనే ఎడిటర్‌ను తయారుచేశాడు. యూనిక్స్‌లోని 'ఎడ్' క్లుప్తత మామూలు మనుషులకు కొరుకుడుపడదనే ఉద్దేశంతో, ఇది మానవమాత్రుల ఎడిటర్ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. బర్క్‌లీలో దాని ప్రేరణతో 'ఎక్స్', దాని దృశ్యరూపంగా 'వీఐ' వచ్చాయి.

వీఐలో కర్సర్‌ను కదిపేందుకు హెచ్, జె, కె, ఎల్ మీటలు వాడతారు. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది వింతగా ఉంటుంది. బిల్ జాయ్ వాడిన ఏ.డి.ఎం.-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ నాలుగు మీటల మీదే ముద్రించి ఉండటం దీనికి కారణం. ఆదేశాలు ఒక్కో అక్షరానికి కుదించుకుపోవడానికి కూడా కారణముంది. సెకనుకు సుమారు 30 అక్షరాలు మాత్రమే పంపగల 300 బాడ్ మోడెమ్ మీద ఆయన పనిచేసేవాడు. ఆ టెర్మినల్, ఆ మోడెమ్ ఇప్పుడు వాడుకలో లేవు. వాటి కొలతలకు కుట్టిన అలవాట్లు మాత్రం నేటి ఎడిటర్లలోనూ కొనసాగుతున్నాయి.

మేక్ అనే సాధనం కథ మరింత స్పష్టమైనది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ దీనిని రాశాడు. ఇందులో ఆదేశపంక్తి ట్యాబ్‌తోనే మొదలుకావాలి. ట్యాబ్ బదులు ఖాళీలు ఉంటే పని ఆగిపోతుంది. ఈ రెంటికీ తెరమీద తేడా కనిపించదు. ఇది అసౌకర్యమని ఫెల్డ్‌మన్ కొద్ది వారాల్లోనే గ్రహించాడు. అప్పటికే సుమారు డజను మంది, ఎక్కువగా మిత్రులే, దానిని వాడుతున్నారు. వారిని ఇబ్బందిపెట్టడం ఇష్టంలేక దానిని అలాగే ఉంచాడు. 2010లో వెలువడిన గ్నూ మేక్ 3.82 వెర్షన్‌లో ట్యాబ్ బదులు మరో గుర్తును ఎంచుకొనే వీలు వచ్చింది. ముందస్తు నియమం మాత్రం నేటికీ ట్యాబే. డజను మంది సౌకర్యం కోసం నిలిపిన నియమానికి తరాలకొద్దీ వాడుకరులు తమ ఎడిటర్లను సర్దుకోవలసి వచ్చింది.

4. కారణాన్వేషణ పద్ధతులు:

చికాకును తొలగించుకోవాలంటే ముందు దాని మూలం తెలియాలి. అతికించిన పాఠం మెట్లలా జరిగే సమస్యలో వరుసల ఆరంభాన్ని సరిచేసే సదుపాయాన్నే చాలామంది తప్పుపట్టారు. వాడుకరి స్వయంగా టైపు చేసిన అక్షరాలకు, మరోచోటి నుంచి అతికించిన అక్షరాలకు మధ్య తేడాను టెర్మినల్ ఎడిటర్‌కు చెప్పకపోవడం అసలు కారణం. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ ఎడిటర్‌లో, అతికించే ముందు ఒక అమరికను ఆన్ చేసి, ఆ తరువాత ఆఫ్ చేసే పద్ధతి చాలాకాలం నడిచింది. తరువాత అతికించిన పాఠానికి ముందూ వెనకా టెర్మినలే ప్రత్యేక సంకేతాలు పంపే ఏర్పాటు వచ్చింది. విమ్ 8వ వెర్షన్ పరంపరలో ఇది అంతర్భాగమైంది. వాడుకరి గుర్తుపెట్టుకోవలసిన భారాన్ని సాధనం తన మీద వేసుకొంది.

చేర్పులు పెరిగేకొద్దీ ఏ చేర్పు ఏ దోషానికి కారణమో తేల్చడం కష్టమైంది. సొంత అమరికలు వేటినీ చదవకుండా ఎడిటర్‌ను తెరిచే వీలు ఈమాక్స్, విమ్‌లలో ఉంది. అలా తెరిచినప్పుడు సమస్య మాయమైతే దోషం వాడుకరి చేర్పుల్లో ఉన్నట్లే. 2015లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లను సగానికి సగం ఆపుతూ కారణాన్ని వెతికే సదుపాయం చేరింది. 32 ఎక్స్‌టెన్షన్లు ఉంటే ఐదు విడతల్లో దోషి బయటపడుతుంది. పాఠపరిష్కర్త తాళపత్ర ప్రతులను పోల్చి, అపపాఠం ఏ ప్రతి దగ్గర ప్రవేశించిందో నిర్ణయించడానికీ దీనికీ తర్కంలో పోలిక ఉంది.

5. తెలుగు అక్షరం – గడుల తెర:

పైన పేర్కొన్న ఎడిటర్లు చాలావరకు ఒక ఊహ మీద ఆధారపడ్డాయి. తెర సమానమైన గడులుగా ఉంటుంది. ఒక అక్షరానికి ఒక గడి. టైపురైటరు, టెలిటైపుల నుంచి వచ్చిన ఈ ఊహ ఇంగ్లీషుకు సరిపోతుంది. చైనా, జపాన్ లిపులకు ఒక అక్షరానికి రెండు గడులు కేటాయించి సర్దారు. గుణింతాలు, ఒత్తులతో వెడల్పూ ఎత్తూ మారే తెలుగు లిపి ఈ రెండు పద్ధతుల్లోనూ ఇమడదు.

తొలినాటి తెలుగు వాడుకరులు ఈ అవరోధాన్ని చుట్టుతిరిగి దాటారు. 1990వ దశకం తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి తెలుగును రోమన్ అక్షరాల్లో రాసే ఏర్పాటు. ఏ ఎడిటర్‌లోనైనా అది పనిచేసింది. సాధనం లిపికి ఒదగనందున లిపినే సాధనానికి ఒదిగించారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్, 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకొని తెలుగుకు ప్రత్యేక స్థానం కల్పించింది. దీనితో నిల్వ సమస్య తీరింది. 'అక్షరం అంటే ఎంత?' అనే ప్రశ్న మిగిలింది.

'స్త్రీ' అనే మాటను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఛందస్సు ప్రకారం ఇది ఒక్క అక్షరం, ఒక గురువు. యూనికోడ్‌లో ఇది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో దాచితే 18 బైట్లు. వాడుకరి అక్షరంగా భావించే ప్రమాణాన్ని నిర్ణయించే యూనికోడ్ నియమం చాలాకాలం దీనిని 'స్', 'త్', 'రీ' అని మూడు ముక్కలుగా లెక్కించింది. ఆ నియమాన్ని పాటించే ఎడిటర్‌లో కర్సర్ కంటికి ఒకటిగా కనిపించే అక్షరం లోపల రెండుచోట్ల ఆగుతుంది. వరుస సంఖ్య పక్కన చూపే స్థానం, కంటికి కనిపించే స్థానం వేరవుతాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదనే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేరింది. ఆ లెక్కన 'స్త్రీ' ఒక్కటే. ఛందోగ్రంథాలు ఎప్పటినుంచో చెబుతున్న లెక్కకు సాంకేతిక ప్రమాణం రావడానికి తొలి వెర్షన్ తరువాత 32 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక సూక్ష్మభేదం ఉంది. కర్సర్ కదలికకు పూర్తి అక్షరం తగిన ప్రమాణమే. చెరిపివేతకు అది తగకపోవచ్చు. 'స్త్రీ'లోని దీర్ఘాన్ని మాత్రమే మార్చాలనుకొన్న వారికి ఒక్కో సంకేతాన్ని వెనుకనుంచి చెరిపే పద్ధతే అనుకూలం. కాబట్టి ప్రతి తేడానూ దోషంగా ఎంచలేము. ఏ పనికి ఏ ప్రమాణం తగినదో చెప్పగలిగేది ఆ లిపిలో నిత్యం రాసేవారే.

6. అదృశ్య సంకేతం – అనుమానం:

'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం ఉంచుతారు. అది లేకపోతే వకారం ఒత్తుగా మారుతుంది. ఆధునిక తెలుగు వర్ణక్రమానికి ఇది అత్యవసరం. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్, కంటికి కనిపించని దిశానిర్దేశ సంకేతాలతో కోడ్‌లో మోసం దాచవచ్చని చూపారు. ఆ వెంటనే విజువల్ స్టూడియో కోడ్ అదృశ్య సంకేతాలను, ఒకదానిలా మరొకటి కనిపించే అక్షరాలను గుర్తించి చూపే సదుపాయాన్ని చేర్చింది. భద్రత దృష్ట్యా అది సమంజసమే. కాని తెలుగు పాఠం దిద్దేవారికి అవసరమైన సంకేతం కూడా అదృశ్య సంకేతమే. దాని వల్ల సరైన వర్ణక్రమం అనుమానాస్పదంగా కనిపించే పరిస్థితి ఏర్పడుతుంది. మినహాయింపులు పేర్కొనే అమరికలు ఉన్నాయి. వాటిని వెతికి మార్చుకొనే శ్రమ మాత్రం తెలుగు వాడుకరిదే. ఆ అమరిక సంగతి తెలియనివారు హెచ్చరికకు జంకి సంకేతాన్ని చెరిపేస్తే నష్టపోయేది పాఠం.

7. ముగింపు:

ఈ చరిత్రలో పరిష్కారాలు మూడు స్థాయుల్లో కనిపిస్తాయి. వ్యక్తిగత అమరిక తక్షణం ఫలిస్తుంది కాని రాసుకొన్నవారితోనే ఆగిపోతుంది. పంచుకొన్న సాధనం పదిమందికి చేరుతుంది. ప్రమాణం, దాని గురించి ఎన్నడూ విననివారికి కూడా మేలు చేస్తుంది. విమ్‌లో పాఠం అతికించే ఇబ్బంది మూడో స్థాయికి చేరి సమసిపోయింది. మేక్‌లోని ట్యాబ్ ఆ స్థాయికి చేరకపోవడంతో నేటికీ మిగిలి ఉంది.

తెలుగు వాడుకరులు ఎక్కువకాలం మొదటి స్థాయిలోనే పనిచేశారు. ఫాంటు మార్చుకోవడం, వరుసల ఎత్తు పెంచుకోవడం, హెచ్చరికలు ఆపుకోవడం వంటి సర్దుబాట్లు అమరికల ఫైళ్ళలో ఉండిపోయి ఎవరికీ కనిపించవు. కనిపించని ఇబ్బంది ప్రమాణాలు నిర్ణయించేవారి దాకా వెళ్ళదు. అక్షరం, సంయుక్తం, గుణింతం స్వరూపాన్ని గురించి వ్యాకరణ, ఛందశ్శాస్త్రాలు కూర్చిన జ్ఞానం తెలుగు శాఖల్లో ఉంది. ప్రమాణాలకు కావలసిన ఆధారం అదే. ఇబ్బంది ఏ మాట వద్ద, ఏ సంకేతాల వరుసలో వస్తోందో నిర్దిష్టంగా నమోదుచేసి సంబంధిత సాంకేతిక బృందాలకు అందించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. మల్టిక్స్ ఈమాక్స్ వాడిన కార్యదర్శుల మాదిరిగానే, దీనికి ప్రోగ్రామింగ్ నిపుణులై ఉండనక్కరలేదు.