రైలు రాకముందు నడిచొచ్చినవాళ్ల సామాను

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 'పయనీర్' అన్న మాటకు గడువు తేదీ ఉంది. 1847 జులై 24న మోర్మన్లనే క్రైస్తవ శాఖకు నాయకుడైన బ్రిగమ్ యంగ్ తన బృందంతో సాల్ట్ లేక్ లోయ చేరారు. 1869 మే 10న ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన రైలు పట్టాలు కలిశాయి. ఈ రెండు తేదీల నడుమ వచ్చినవాళ్లే పయనీర్లు. ఆ తర్వాత రైలు దిగినవాళ్లు ఎంత కష్టపడి వచ్చినా ఉత్త ప్రయాణికులే. సాల్ట్ లేక్ సిటీలోని పయనీర్ మెమోరియల్ మ్యూజియం నిలబడింది ఈ లెక్క మీదే.

1844లో తమ ప్రవక్త జోసెఫ్ స్మిత్ హత్యకు గురయ్యాక, ఇలినాయ్‌లోని నావూ పట్టణంలో మోర్మన్లకు నిలువ నీడ లేకుండా పోయింది. 1846 నుంచి బండ్లు కట్టుకుని పడమటి దారి పట్టారు. లోయ చేరిన మొదటి బృందంలో ఉన్నది 143 మంది మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. రైలు వచ్చేనాటికి వాళ్ల వెనకాలే దాదాపు డెబ్బై వేల మంది నడిచొచ్చారని అంచనా.

ఆ తరం రాలిపోతున్న రోజుల్లో, 1901 ఏప్రిల్ 11న ఆనీ టేలర్ హైడ్ అనే ఆవిడ కొందరు స్త్రీలను కూడగట్టి 'డాటర్స్ ఆఫ్ యూటా పయనీర్స్' అనే సంఘం పెట్టారు. ఆవిడ మోర్మన్ చర్చి మూడో అధ్యక్షుడు జాన్ టేలర్ కూతురు. పయనీర్ల వంశంలో పుట్టిన ఆడవాళ్లకే అందులో సభ్యత్వం. ఇళ్లలో మూలపడ్డ పాత సామానును సేకరించడం మొదలుపెట్టారు. చాలాకాలం అదంతా రాష్ట్ర శాసనసభ భవనం కింది అంతస్తులో తలదాచుకుంది. 1941లో అధ్యక్షురాలైన కేట్ కార్టర్ మూడున్నర దశాబ్దాలు సంఘాన్ని నడిపి, కుటుంబాల జ్ఞాపకాలను సంపుటాలుగా అచ్చువేయించారు. మ్యూజియానికి సొంత భవనం 1950లో, ఆవిడ హయాంలోనే వచ్చింది. ఆ భవనం ముఖభాగానికీ ఓ కథ ఉంది. 1862లో కట్టిన సాల్ట్ లేక్ థియేటర్ ఆ ఊరి గర్వం. 1928లో దాన్ని కూలగొట్టారు. ఊరు ఆ బెంగ మరవలేదు కాబోలు, మ్యూజియాన్ని ఆ థియేటర్ పోలికలతోనే కట్టుకుంది.

లోపల అడుగుపెడితే, మన పల్లెల్లో ఓ పెద్దింటి అటక మీది సామానంతా ఒక్కసారిగా కిందికి దించినట్టుంటుంది. బొంతలు, బొమ్మలు, పిల్లల జోళ్లు, తుపాకులు, వంటపాత్రలు, ఫొటోలు. చచ్చిపోయాక ఊక కూరి నిలబెట్టిన రెండు తలల గొర్రెపిల్ల కూడా. చరిత్రకారుడు ఏరి పేర్చిన వరస కాదిది. ఏ ఇంటివాళ్లు ఏది తెచ్చి ఇస్తే అది, ఎవరిదో చెప్పే చీటీతో సహా, అద్దాల వెనక చేరింది. చక్కగా సర్దిన మ్యూజియాలకు అలవాటుపడ్డవాళ్లకు ఇది గందరగోళమే. నాకు మాత్రం ఇందులోనే నిజాయితీ కనిపిస్తుంది. ఫలానా బొంత ఫలానా మామ్మది అని చెప్పే చీటీ, బొంతతో పాటు దాన్ని దాచిన మనవరాలినీ చూపిస్తుంది.

అన్నిటికన్నా వింతైనవి జుట్టుతో అల్లిన హారాలు. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలనూ, చనిపోయినవాళ్ల తల నుంచి కత్తిరించి తీసిన పాయలనూ దాచేవారు. సన్నని తీగ చుట్టూ మెలికలు తిప్పి రేకులు, ఆకులు, మొగ్గలుగా మలిచి, గుర్రపు లాడం ఆకారంలో పేర్చి, పటం కట్టి ముందు గదిలో వేలాడదీసేవారు. రంగు వేయరు. నల్లని రేకు ఒకరిది, పక్కనున్న రాగిరంగు మొగ్గ ఇంకొకరిది, అంచున తెల్లనిది అవ్వది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా, ఐరోపాల్లో చాలా ఇళ్లలో ఈ ముచ్చట ఉండేది. ఫొటో తీయించుకోవడం అందరి తరం కాని రోజుల్లో పోయినవాళ్ల గుర్తుగా మిగిలింది అదే. మనకిది ఒక పట్టాన మింగుడుపడదు. రాలిన జుట్టును ఉండచుట్టి బయట పారేసేవాళ్లం, తలనీలాలు దేవుడికిచ్చి వచ్చేవాళ్లం. అయినా సవరం కోసం ఊడిన వెంట్రుకలను ఏళ్ల తరబడి గూట్లో దాచుకున్న అమ్మమ్మలు మనకూ ఉన్నారు కదా!

బండ్ల సంగతికొస్తే, లోయ చేరేనాటికి జ్వరంతో ఉన్న బ్రిగమ్ యంగ్‌ను పడుకోబెట్టి తెచ్చిన బండి ఇక్కడే ఉంది. ఆ ప్రయాణంలోనే విలియమ్ క్లేటన్ అనే గుమస్తాకు, రోజుకు ఎన్ని మైళ్లు నడిచామో ఉజ్జాయింపుగా చెప్పుకోవడం నచ్చలేదు. ఒక చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు. అంటే 360 చుట్లు తిరిగితే సరిగ్గా మైలు. చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, పక్కనే నడుస్తూ రోజంతా చుట్లు లెక్కపెట్టారు. విసుగెత్తిపోయిందేమో, కొద్ది రోజుల్లోనే చెక్కపళ్ల చక్రాలతో లెక్కకట్టే యంత్రం తయారైంది.

బండీ ఎడ్లూ కొనలేనివాళ్లకు మనుషులే లాగే చేతిబండ్లు వచ్చాయి. 1856 నుంచి 1860 వరకు పది బృందాల్లో సుమారు మూడు వేల మంది అలా వచ్చారు. మొదటి ఏడాదే, ఆలస్యంగా బయలుదేరిన విల్లీ, మార్టిన్ బృందాలు వయోమింగ్ మంచులో చిక్కుకుని రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఈ మ్యూజియంలో చెంచాలు, చిన్న బొమ్మలు అంత అపురూపంగా ఎందుకు కనిపిస్తాయో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది. మనిషి ఒంటితో లాగే బండిలో ఏది వేసుకున్నా దాని బరువు మోయాల్సిందే.

పట్టు కథ వేరు. బయటి సరుకు కొనకూడదన్న పట్టుదలతో బ్రిగమ్ యంగ్ మల్బరీ మొక్కలు నాటించి, పురుగుల పెంపకం ఆడవాళ్లకు అప్పగించారు. 1876లో ఈ పని కోసం పెట్టిన పట్టు సంఘానికి నాయకత్వం వహించిన జైనా యంగ్‌కు పురుగులంటే హడల్. అయినా పెంచారు. హిందూపురం వైపు పట్టుపురుగులు మేపే ఇంటివాళ్లకు ఆ చాకిరీ ఏమిటో చెప్పనక్కర్లేదు. వేళకు ఆకు పడాలి, లేకపోతే పంట పోయినట్టే. 1896లో ప్రభుత్వం పట్టుగూళ్లకు ప్రోత్సాహకం ఇచ్చి చూసింది, 1905లో ఆపేసింది. వ్యాపారంగా నిలవలేదు. కానీ 1900లో, ఓటుహక్కు నాయకురాలు సూసన్ ఆంథనీ ఎనభయ్యో పుట్టినరోజుకు యూటా స్త్రీలు పంపిన కానుక తాము నేసిన నల్లపట్టు బట్టే. వాళ్లు 1870లోనే ఓటు వేసి, 1887లో ఆ హక్కు పోగొట్టుకుని, 1896లో తిరిగి సాధించుకున్నవాళ్లు.

ఇక ఆ గడువు తేదీ సంగతి. వచ్చినవాళ్ల వారసులు కట్టుకున్న ఇంట్లో, అప్పటికే అక్కడ ఉన్నవాళ్ల అటక దొరకదు. యూట్, షోషోనీ జాతులకు ఆ లోయ కొత్తగా కనుక్కున్న చోటు కాదు. ఆ తేదీని సాధ్యం చేసిన రైలుకు పడమటి వైపు పట్టాలు వేసినవాళ్లలో అత్యధికులు చైనా కూలీలు. వాళ్లూ పయనీర్ల లెక్కలోకి రారు. లెక్కలోకి వచ్చీ పక్కన మిగిలినవాళ్లు ఇంకొందరు. మొదటి బృందంలో గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ అనే ముగ్గురు నల్లజాతి బానిసలున్నారు. ఊరి నడిబొడ్డున బ్రిగమ్ యంగ్ స్మారకం మీద వాళ్ల పేర్లు చెక్కారు కానీ, 'రంగుజాతి సేవకులు' అని విడిగా చెక్కారు. వాళ్లకు ప్రత్యేకంగా విగ్రహాలు లేచింది 2022లో. అవి ఈ మ్యూజియంలో లేవు, లోయ ముఖద్వారం దగ్గరున్న వేరే పార్కులో ఉన్నాయి.

గ్రీన్ ఫ్లేక్ 1903 దాకా బతికారు. 1901లో పయనీర్ల కూతుళ్లు సంఘం పెట్టేనాటికి ఆయన ఐడాహోలో ఉన్నారు, డెబ్బై దాటిన ముసలాయన.