సౌందర్య సాధనాల్లో పెప్టైడ్లు

అమైనో ఆమ్లాలు చిన్న గొలుసుగా కలిస్తే పెప్టైడ్. గొలుసు బాగా పొడవైతే ప్రోటీన్. ముఖానికి రాసే క్రీముల్లోకి, సీరమ్‌లలోకి పెప్టైడ్లు రెండు దారుల్లో వస్తాయి. పట్టులాంటి సహజ ప్రోటీన్‌ను ముక్కలు చేయడం ఒకటి. అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా ప్రయోగశాలలో కూర్చడం రెండోది. మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు మొదటి దారితో చుట్టరికం ఉంది.

అసలు పెప్టైడ్ రసాయనశాస్త్రానికే పట్టుతో పాత సంబంధం. 1901లో తొలి కృత్రిమ పెప్టైడ్‌ను ప్రకటించిన జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్, ఆ తర్వాత పట్టు ప్రోటీన్‌ను విడగొట్టి చిన్న పెప్టైడ్లను వేరుచేశాడు. 1963లో అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ మెర్రీఫీల్డ్, గొలుసు ఒక కొసను రెజిన్ పూసలకు అంటించి, రెండో కొసన అమైనో ఆమ్లాలను వరుసగా చేర్చే పద్ధతి కనిపెట్టాడు. 1984లో దానికి నోబెల్ వచ్చింది. నేటి పెప్టైడ్ పరిశ్రమకు పునాది ఆ పద్ధతే. 1973లో లోరెన్ పికార్ట్ మనిషి రక్తరసంలో గుర్తించిన జీహెచ్‌కే పెప్టైడ్, రాగితో కలిసి క్రీముల్లోకి చేరింది. తర్వాత ఫ్రాన్స్ నుంచి మాట్రిక్సిల్, స్పెయిన్ నుంచి ఆర్జిరెలిన్ అనే పెప్టైడ్లు వచ్చాయి. హైదరాబాద్‌కు చెందిన ఇస్సార్ ఫార్మా బొల్లి చికిత్సకు పది అమైనో ఆమ్లాల పెప్టైడ్‌తో మెల్‌గెయిన్ తయారుచేసింది. అయితే అది మందు, సౌందర్య సాధనం కాదు.

ఇక పట్టు. పట్టుగూడు పోగులో 20 నుంచి 30 శాతం సెరిసిన్ అనే బంక ఉంటుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసే చీరకు మెరుపు రావాలంటే ఈ బంక పోవాలి. అందుకే ముడిపట్టును సబ్బు, సోడా కలిపిన వేడినీళ్లలో ఉడకబెడతారు. నేతగాడికి పనికిరాని ఆ జిగట నీళ్లలోని సెరిసినే, శుద్ధిచేసి ముక్కలు చేస్తే, చర్మంలో తేమ నిలిపే ఖరీదైన సరుకు.

హాని లేనివంటూ ‘క్లీన్ బ్యూటీ’ పేరుతో అమ్మే సరుకుల విషయంలో వినిపించే ‘సహజం కాబట్టి క్లీన్’ అనే వాదన ఇక్కడే తడబడుతుంది. దారం చెడకుండా తీయాలంటే గూట్లోని ప్యూపాను వేడితో చంపాల్సిందే. కాబట్టి పట్టు పెప్టైడ్ వీగన్ కాదు. ప్రయోగశాలలో కూర్చినది కావచ్చు. అలాగని రెండోదానికీ పూర్తి మార్కులు వేయలేం. దాని తయారీలో డైమిథైల్ ఫార్మమైడ్ వంటి విషపూరిత ద్రావకాలు విరివిగా ఖర్చవుతాయి. పనితనం సంగతి వేరే. పెద్ద అణువులు, నీటిలో కరిగే అణువులు చర్మం పైపొరను సులభంగా దాటలేవు. అందుకే మాట్రిక్సిల్‌లో పెప్టైడ్‌కు కొవ్వు ఆమ్లాన్ని తగిలిస్తారు. కంపెనీలు చూపే ఫలితాల్లో చాలావరకు కొద్దిమంది మీద చేసిన పరీక్షలవే.

భారత్‌లో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ తయారీకి, దిగుమతికి, లేబుల్‌కు నిబంధనలు పెట్టాయి. ‘క్లీన్ బ్యూటీ’కి మాత్రం వాటిలో నిర్వచనం లేదు. సీసా ముందువైపు ఆ మాట ఉంటే అది అమ్మేవాడి మాటే. కొనేవారు చదవాల్సింది వెనుక ఉన్న పదార్థాల జాబితా.