డిప్లొమసీ క్రీడ : దూరక్రీడాసమాజ చరిత్రము

డిప్లొమసీ యనునది ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములయందు పుట్టి, మొదట టపా మూలమునను, పిదప కంప్యూటరు జాలముల మూలమునను ఆడబడుచు, తన యాటగాండ్రలో ప్రత్యేకమైన యొక సమాజమును, ఆ సమాజమునకు అలిఖితమైన యొక ధర్మశాస్త్రమును ఏర్పరచిన వ్యూహక్రీడ. పాచికల ప్రసక్తి లేని యీ యాటలో సంభాషణమే ఆయుధము; మాట ఇచ్చుటయు, ఇచ్చిన మాట తప్పుటయు రెండును నియమసమ్మతములే. అయినను గౌరవమును గూర్చి ఈ యాటగాండ్రవలె దశాబ్దములపాటు శ్రద్ధతో తర్కించుకొన్నవారు క్రీడాలోకమున అరుదు.

దీని కర్త ఆలన్ కాల్‌హమర్. ఆయన 1931లో ఇల్లినాయి రాష్ట్రమందలి హిన్స్‌డేల్‌లో జన్మించి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్ర నభ్యసించి, మొదటి ప్రపంచయుద్ధమునకు దారితీసిన కారణములను గూర్చి సిడ్నీ ఫే రచించిన గ్రంథమునుండి ప్రేరణ పొంది, అందు వర్ణితమైన రహస్యసంధుల ప్రపంచమునే ఒక పటముమీదికి దింపి, 1954లో ఈ క్రీడకు రూపము కల్పించెను. పెద్ద సంస్థలు ప్రచురణకు నిరాకరింపగా 1959లో తానే 500 ప్రతులు వేయించెను. 1961లో గేమ్స్ రీసర్చ్ అను సంస్థయు, 1976లో ఆవలాన్ హిల్ సంస్థయు దానిని చేపట్టినవి. కాల్‌హమర్ తరువాతి జీవితమున తపాలా బట్వాడాదారుగా పెక్కేండ్లు పనిచేసి 2013లో మరణించెను. తన యాట ఏ సంచులలో దేశదేశములు తిరిగెనో, ఆ సంచులనే తానును మోసిన శిల్పి ఆయన.

ఆట 1901వ సంవత్సరపు వసంతముతో ఆరంభమగును. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగేరీ, రష్యా, టర్కీ అను రాజ్యములను ఏడుగు రాటగాండ్రు పాలింతురు. పటముమీద 34 సరఫరా కేంద్రములుండగా వానిలో 18 చేజిక్కించుకొన్నవాడు విజేత. ప్రతి దళమునకును బలము సమానమే గావున ఒకటి మరొకదాని నెదుర్కొన్నప్పుడు రెండును నిలిచిపోవును; వేరొక దళపు మద్దతు లభించినగాని అడుగు ముందునకు పడదు; ఆ మద్దతు తరచుగా పొరుగురాజునుండియే రావలసియుండును. మంతనములు ముగిసిన పిమ్మట అందరును తమ యాదేశములను రహస్యముగా వ్రాసియుంచగా, అన్నియు ఒక్కమారుగా వెల్లడియగును. ఎవడు మాట నిలుపుకొనెనో, ఎవడు వెన్నుపోటు పొడిచెనో ఆ క్షణముననే తేలును. ఒంటరిగా ఎవడును పెరుగజాలడు, తుదకు పూర్ణవిజయము ఒక్కనిదే: ఈ రెంటి నడుమనే మైత్రియు ద్రోహమును పుట్టుచున్నవి. నీతిచంద్రికయందలి మిత్రభేదమును చదివిన తెలుగువారికి దమనకుని మార్గము క్రొత్తది కాదు; ఇచటి విశేషమేమన, పింగళకుడును సంజీవకుడును గూడ దమనకులే.

ఏడుగురిని ఒకచోట ఒక దినమంతయు కూర్చుండబెట్టుట సులభము కాదు. ఆ కష్టమే దూరక్రీడకు హేతువయ్యెను. 1963 మే నెలలో బ్రూక్లిన్ వాసియు భౌతికశాస్త్రవేత్తయునగు జాన్ బోర్డుమన్ 'గ్రౌస్టార్క్' అను చిన్న పత్రికను వెలువరించి, టపా ద్వారా వచ్చిన యాదేశములను పరిష్కరించి ఫలితములను అందు ప్రకటింపసాగెను. మొదటి యాటగాండ్రలో వైజ్ఞానిక కల్పనాసాహిత్యప్రియులు పలువురు. పత్రికలకు కల్పిత రాజ్యముల పేర్లు పెట్టుట వారి సరదా. గ్రౌస్టార్కు వెనుక 'రురిటేనియా', 'కోస్టాగ్వానా' మొదలగునవి వచ్చినవి. బ్రిటనులో 1969లో డాన్ టర్న్‌బుల్ 'ఆల్బియన్'ను స్థాపించెను; 1974లో వాల్టర్ బుకానన్ 'డిప్లొమసీ వరల్డ్'ను ఆరంభించెను. ప్రతి యాటకును ఒక సంఖ్య నిచ్చి చరిత్రలో భద్రపరచు పద్ధతి బోర్డుమన్ పేరనే వెలసెను. మొదటి యాట సంఖ్య 1963ఏ.

ఒక్కొక్క యెత్తునకు వారములు గడువు, ఒక్కొక్క యాటకు ఏండ్లు. ఆరుగురు ప్రత్యర్థులకును ఆరు విధములైన లేఖలు వ్రాయుచు, ఒకనికి వ్రాసినది మరొకనికి తెలియకుండునట్లు జాగ్రత్తపడుచు, జవాబు ఆలస్యమైన అది టపావారి దోషమో స్నేహితుని మనసు మారుటయో యని తర్కించుచు గడపిన ఆ ఏండ్లలోనే ఈ సమాజపు నీతి గట్టిపడెను. పటముమీద చెప్పిన అసత్యము అసత్యముగా ఎన్నబడలేదు. కాని ఆట వెలుపలి బాధ్యతలు పవిత్రములు. గడువులోగా ఆదేశములు పంపనివాని దళములు కదలక నిలిచిపోవును; అది వానికి మాత్రమే నష్టము కాదు, వాని పొరుగువానికి అనర్హమైన లాభమును, వాని మిత్రునికి అకారణమైన నాశమును కలిగించి, ఏడుగురి కృషిని చెఱచును. కావుననే ఓడిపోవుచున్న రాజ్యమును కడదాక పాలించినవానికి లభించిన మన్నన, గెలిచి గర్వించినవానికి లభింపలేదు. అందరి రహస్యములును తెలిసినవాడు, ఆదేశములను స్వీకరించి పరిష్కరించు క్రీడాధ్యక్షుడొక్కడే. ఆతడు ఒకరి యాదేశమును మరొకరికి సూచనగానైనను తెలుపరాదు. అధ్యక్షుడు అలసి పత్రికను నిలిపివేసినచో ఆట అనాథయగును. అట్టి అనాథక్రీడలకు క్రొత్త యధ్యక్షులను వెదకి అప్పగించుటకు స్వచ్ఛంద సేవకులు పూనుకొనిరి. నా దృష్టిలో ఈ సమాజపు గౌరవభావమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు.

విజయము దుర్లభమైనప్పుడు ఏమి చేయవలె నను వివాదము పత్రికలలో చాలకాలము సాగెను. గెలువలేనివాడు, గెలువబోవువానిని ఆపుటకై తక్కినవారితో కలియవలెనని ఒక పక్షము. మిత్రునికి కడవరకు తోడుండి బలమైన ద్వితీయస్థానమున నిలుచుటయు తగిన లక్ష్యమేయని రెండవ పక్షము. మొదటి పక్షమువారికి రెండవవారు ఆటను చెఱచువారుగా తోచిరి. రెండవవారికి మొదటివారు విశ్వాసమెరుగనివారుగా తోచిరి. ఈ భేదము నేటికిని సమసిపోలేదు.

విచిత్రమేమన, మంతనములను అంత గుట్టుగా దాచుకొన్నవారే తమ వ్యూహశాస్త్రమును మాత్రము బహిరంగముగా పంచుకొనిరి. ఆస్ట్రియా స్నేహము నాధారముగా గొని ఇటలీ తన సైన్యమును ట్యునీసియా మీదుగా సముద్రమార్గమున తూర్పునకు దాటించి టర్కీని ముట్టడించు 'లెపాంటో' ప్రారంభవ్యూహమును ఎడీ బిర్సన్ ప్రచారమునకు తెచ్చెను. సరిగా నిలిపినచో శత్రువులెల్లరు కలిసినను ఛేదింపజాలని దళపంక్తులు కొన్ని కలవని శోధించి ప్రకటించిరి. వానిలో ముఖ్యమైనది ఈశాన్యమున సెయింట్ పీటర్స్‌బర్గు మొదలుకొని నైరృతిదిక్కున ఐబీరియా వరకు పటమును ఏటవాలుగా రెండు భాగములు చేయును. ఇట్టి జ్ఞానమును 1978లో రిచర్డ్ షార్ప్ ఒక గ్రంథముగా కూర్చెను. రేపు తనపై ప్రయోగింపబడునని తెలిసియు విద్యను దాచుకొనకుండుట వీరి స్పర్ధకు ఒక ఔదార్యమును తెచ్చినది.

1980ల చివర వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున కెన్ లో యను ప్రోగ్రామరు 'జడ్జి' అను కంప్యూటరు అధ్యక్షుని నిర్మించెను. ఈమెయిలు ద్వారా ఆదేశములను స్వీకరించి, దోషములేకుండ పరిష్కరించి, ఒకరి సందేశమును మరొకరికి చేరవేయు నీ యంత్రము వారములను దినములుగా కుదించెను. 1990లలో 'డిప్లొమాటిక్ పౌచ్' పత్రికయు, తరువాత వెబ్‌డిప్లొమసీ వంటి వెబ్‌సైట్లును వెలసి, ఖండాంతరములయందలి యపరిచితులను ఒకే పటము చుట్టును చేర్చినవి.

అజ్ఞాతత్వము క్రొత్త క్రీడారీతులను పుట్టించెను. 'గన్‌బోట్' అను రీతిలో ఎవడు ఏ రాజ్యమో తెలియదు, సంభాషణమునకు తరచుగా అనుమతియు లేదు; దళముల కదలికయే భాష. పంపినవాని పేరు లేని సందేశములను కొన్ని యాటలు అనుమతించును, కొన్ని నిషేధించును. ఆట ముగియగానే పేర్లు వెల్లడియగును. అప్పుడు ఆటగాండ్రు ముగింపు నివేదికలు వ్రాసి, ఎవరితో ఏ ఒప్పందము చేసిరో, ఏ ఋతువున మనసు మార్చుకొనిరో విప్పిచెప్పుకొందురు. మోసపోయినవాడు మోసగించినవాని వ్యూహమును మెచ్చుకొనుట ఈ నివేదికలలో తరచు కనబడును. ఏండ్ల తరబడి ముఖము చూడనివారు స్నేహితులగుటకు ఈ రహస్యవినిమయమే ముఖ్య కారణమని నా నమ్మకము.

గౌరవమును లెక్కించు పనిని గూడ యంత్రమునకు అప్పగించిరి. జడ్జి ప్రతి యాటగానికిని నిష్ఠను సూచించు నొక యంకెను కట్టబెట్టి, ఆలస్యమునకును పరిత్యాగమునకును దానిని తగ్గించెడిది. వెబ్‌డిప్లొమసీలో విశ్వసనీయతా గణన యున్నది. నిజమైన అపరాధములు రెండు: ఒక్కడే రెండు ఖాతాలతో రెండు రాజ్యములను ఆడుట, ఆటకు ముందే వెలుపల కూటమి కట్టుకొనుట లేక ఒక యాటలోని ఉపకారమునకు మరొక యాటలో ఋణము తీర్చుట. వెన్నుపోటునకు శిక్ష లేని చోట వీనికి బహిష్కారము కలదు. ఏలయన ఇవి ప్రత్యర్థిని గాక ఆటనే వంచించునవి.

2015లో కార్నెల్ మొదలగు విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఆన్‌లైన్ ఆటలలోని సందేశములను పరిశీలించి, ద్రోహము సమీపించినప్పుడు మిత్రుల మాటలలోని సమత్వము భంగమగునని చూపిరి: పొడువబోవువాని మాటలు ప్రసన్నత నొందును, పొడువబడువాడు భవిష్యత్ప్రణాళికలను మిక్కిలిగా చర్చించును. ఈ గురుతులచేత కంప్యూటరు 57 శాతము సందర్భములలో సరిగా ఊహింపగలిగెను. బాధితులు మాత్రము గ్రహింపలేకపోయిరి.

2022లో మెటా సంస్థ 'సిసిరో' అను కృత్రిమ మేధను వెలువరించెను. అది వెబ్‌డిప్లొమసీయందు 40 ఆటలలో 82 మంది మనుష్యులతో ఆడి, 5,277 సందేశములు పంపి, ఒకటికంటె ఎక్కువ ఆటలాడినవారిలో మొదటి పదిశాతములో నిలిచెను. దాని భాషాశిక్షణకు వాడినవి అంతకుముందు ఆ వెబ్‌సైటులో మనుష్యులాడిన 40,408 ఆటలలోని సుమారు 1 కోటి 29 లక్షల సందేశములు. అనగా ఒకరికొకరు గుట్టుగా వ్రాసుకొన్న బుజ్జగింపులు, బెదిరింపులు, బాసలు. ఇది ప్రాయికముగా సత్యవాదియని నిర్మాతలు చెప్పగా, ఫ్రాన్సు పక్షమున ఆడుచు అది ఇంగ్లండును వంచించుటకు జర్మనీతో ముందుగానే మంతనమాడిన ఉదాహరణమును 2024లో ప్రచురితమైన యొక పరిశీలన చూపెను. ఆట నడచుచుండగా తాము యంత్రముతో మాటాడుచున్నామని ఎవరును వ్రాయలేదు. ముగిసిన పిమ్మట ఒకే యొక యాటగాడు అట్టి అనుమానమును వెలిబుచ్చెను.