క్రాంకుషాఫ్టు మరమ్మత్తు

ఇంజనులో పిస్టన్ల క్రిందికీ పైకీ సాగే కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసును క్రాంకుషాఫ్టు అంటారు. దీనిని ఉక్కుతో గాని, పోత ఇనుముతో గాని తయారుచేస్తారు. ఇది అరిగినపుడు యజమాని ముందు మూడు మార్గాలుంటాయి: గ్రైండింగు చేయించి మరల వాడుట, క్రొత్త షాఫ్టు వేయుట, ఇంజనునే విరమించుకొనుట. జాతీయ రహదారి 30పై ఉన్న పాల్వంచ వంటి పట్టణాలలో లారీపైనో, ట్రాక్టరుపైనో ఆధారపడిన కుటుంబానికి ఈ నిర్ణయం జీవనోపాధికి సంబంధించినది.

అరుగుదలకు కారణాలు

షాఫ్టులో బేరింగులపై తిరిగే నునుపైన భాగాలను జర్నళ్ళు అంటారు. ఇంజను బాడీలో ఉండేవి మెయిన్ జర్నళ్ళు. కనెక్టింగ్ రాడ్డు పట్టుకొనేవి క్రాంకుపిన్నులు. జర్నలుకు, బేరింగుకు మధ్య ఉండే సందు జర్నలు వ్యాసంలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. అందులోని నూనె పొర లోహం లోహాన్ని తాకకుండా కాపాడుతుంది. నూనె తగ్గినా, దుమ్ము చేరినా ఆ పొర చెదరి జర్నలుపై గీతలు పడతాయి. పిన్నుపై ఒత్తిడి అన్నివైపులా సమానంగా ఉండదు కనుక అది గుండ్రదనం కోల్పోయి ఒకవైపు ఎక్కువగా అరుగుతుంది.

నూనె పీడనం పడిపోవుట, ఇంజను అడుగు భాగంలో దబదబమను శబ్దం దీని లక్షణాలు. అయితే బేరింగులు మాత్రమే అరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కావున షాఫ్టును విప్పి చూడకుండా నిర్ణయం తీసుకొనరాదు.

పరీక్షించు క్రమం

* పగుళ్ళు: షాఫ్టును శుభ్రపరచి, అయస్కాంతీకరించి, సన్నని ఇనుప పొడి చల్లితే పగులు ఉన్నచోట పొడి గీతలా పేరుకొంటుంది. జర్నలు అంచులలోని మూల వంపులను, నూనె రంధ్రాలను ముఖ్యంగా చూడాలి. మూల వంపులో పగులు ఉంటే ఆ షాఫ్టును ఇక కొలవవలసిన పని లేదు, మార్చవలసినదే.
* వంపు: చివరి జర్నళ్ళను ఆధారాలపై ఉంచి తిప్పుతూ డయల్ గేజితో చూస్తారు.
* కొలత: ప్రతి జర్నలును మైక్రోమీటరుతో రెండు చివరల వద్ద, అడ్డంగాను నిలువుగాను కొలుస్తారు.
* గట్టిదనం: నైట్రైడింగు చేసిన షాఫ్టులలో గట్టి పొర చాలా పలుచన. గ్రైండింగులో అది పోతే మరల నైట్రైడింగు చేయించాలి.

అండర్‌సైజు లెక్క

గ్రైండింగు చేసిన జర్నళ్ళకు సరిపడే బేరింగులు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అండర్‌సైజులలో దొరుకుతాయి. ఉదాహరణకు 60 మి.మీ. పిన్ను ఒకచోట 59.80కి అరిగినదనుకొందాం. 0.25 అండర్‌సైజు, అనగా 59.75 సరిపోతుందని తోచవచ్చును. కాని అరుగుదల అంతా ఒకేవైపు ఉంటే, పాత కేంద్రాన్ని మార్చకుండా గుండ్రంగా తీయుటకు వ్యాసం 59.60కి దిగాలి. అప్పుడు 59.50కి, అంటే రెండవ అండర్‌సైజుకు పోక తప్పదు. తయారీదారు అనుమతించిన చివరి సైజు దాటవలసి వస్తే క్రొత్త షాఫ్టే మార్గం.

గ్రైండింగు సమయంలో మూల వంపును తయారీదారు చెప్పిన వ్యాసార్థంలోనే ఉంచాలి. అక్కడ పదునైన మూల ఏర్పడితే సైజు సరిగా ఉన్నా షాఫ్టు తరువాత విరిగే ప్రమాదం ఉంది. చివరగా పాలిష్ చేసి, నూనె రంధ్రాలలోని పొడిని పూర్తిగా తొలగించాలి.

ఇంజనునే విరమించుట

షాఫ్టు బాగుపడినా సిలిండర్లు, పంపు, ఇతర భాగాలు కూడా అరిగి ఉంటే ఖర్చు అక్కడితో ఆగదు. ఇంధన వినియోగాన్ని కూడా లెక్కించాలి. ఇదే ఆలోచనకు పెద్ద ఎత్తున ఉదాహరణ పాల్వంచలోనే ఉంది. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1966 - 1978 మధ్య ప్రారంభమైన, 720 మెగావాట్ల ఎనిమిది పాత యూనిట్లను దశలవారీగా ఆపి 2020 మార్చి నాటికి మూసివేశారు. తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తునిచ్చే సూపర్‌క్రిటికల్ పద్ధతి గల 800 మెగావాట్ల యూనిటు అక్కడే 2018లో ప్రారంభమైంది. పాత యూనిట్ల శీతలీకరణ గోపురాలు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న కూల్చివేశారు.

అవి క్రాంకుషాఫ్టు లేని ఆవిరి టర్బైన్లే అయినా సూత్రం ఒక్కటే: మరమ్మత్తు ఖర్చును క్రొత్త భాగం ధరతోనే కాక, ఆ యంత్రం ఇకముందు చేయగల పనితో, త్రాగే ఇంధనంతో కూడా పోల్చి చూడాలి.