పాఠకుని సంతకం

అమెరికాలోని హైడ్ పార్కులో అధ్యక్షుడు రూజ్వెల్టు తన కాగితాలకోసం కట్టించిన గ్రంథాలయం 1941లో ప్రజలకు తెరుచుకున్నది. అయినా అధ్యక్షుని కాగితాలు అతని సొంత ఆస్తి అన్న సంప్రదాయం పోలేదు. 1974లో రాజీనామా చేసిన నిక్సన్ కాగితాలూ టేపులూ తనవేనని పట్టుబట్టిన తర్వాత, 1978 నాటి చట్టం ఇకపై వచ్చే అధ్యక్షుల కాగితాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. పాలకుని కాగితాలను ప్రజల ముందుంచడం ఔదార్యం కాదు, బాధ్యత.

మన దారి వేరు. ఇక్కడ గ్రంథాలయోద్యమాన్ని నిర్మించినవారు పాలకులు కారు, చదువరులు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, చిలకమర్తి వారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువమీద పుస్తకాల పడవనే నడిపించారు.

ఆ పడవలో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు? ఏది మళ్లీ మళ్లీ అడిగారు? ఉయ్యూరు దగ్గర ఒక పల్లె గ్రంథాలయంలో నేను పాత రిజిష్టర్లు అడిగితే, చిత్తుకాగితాల కింద తూకానికి వేశామన్నారు. మన సాహిత్య చరిత్రలు కవుల చరిత్రలుగానే మిగిలిపోవడానికి ఇదొక కారణం. పాఠకుడు లేని సాహిత్య చరిత్ర సగం చరిత్రే.

పరిశోధనకు అంశం వెతుక్కునే విద్యార్థులు ముందు తమ ఊరి గ్రంథాలయంలో పాత బీరువా తెరిపించాలి. అధ్యక్షుని కాగితాలకు అక్కడ చట్టం కాపలా ఉంది. మన సామాన్య పాఠకుని సంతకానికి కాపలా ఉండవలసింది మనమే.